షుగర్ పుస్తకంలో ఫస్ట్ ర్యాంకు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి డబ్లిన్ దాకా ట్రాఫిక్ ఆగిపోతుంది. వాటిలో చాలావాటికి సాక్షులు లేరు కాబట్టి ఇంతకాలం పెద్దమనిషిగా చలామణీ అవుతున్నాను. ఒక్కటి మాత్రం పట్టపగలు ముగ్గురు ఆడవాళ్ళ ఎదుట బయటపడింది. ఒకామె నా నుంచి విడిపోయిన భార్య, ఒకామె నర్సు, మూడో ఆమెకి ఎనిమిదేళ్ళు. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెబుతాను. మధ్యలో మీకు నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

2012 నాటి మాట. మాధవీ నేనూ విడిపోయి అప్పటికి రెండేళ్ళు. ఎందుకు విడిపోయామన్నది వేరే కథ, అందులో నవ్వు తక్కువ. తను డబ్లిన్‌లో, నేను ఫ్రీమాంట్‌లో. మా అమ్మాయి మేఘన స్కూలు రోజుల్లో తన దగ్గర, శని ఆదివారాలు నా దగ్గర, వేసవి సెలవుల్లో చెరో వారం. మేం విడిపోయిన ఆర్నెల్లకి మేఘనకి టైప్ వన్ డయాబెటిస్ అని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, మనమే సూదితో ఇవ్వాలి. రోజుకి కనీసం నాలుగుసార్లు వేలు పొడిచి మీటరులో షుగర్ చూడాలి. ఆసుపత్రిలో మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి రెండు రోజులు నేర్పారు. మాధవి గంటలో నేర్చుకుంది. నన్ను అలవాటు కోసం ఉత్త ఉప్పునీళ్ళ సూది పొట్టలో పొడుచుకోమంటే, పొడుచుకుని, చూసుకుని, కుర్చీలోంచి జారిపోయాను. మేఘన తన మంచం మీదనుంచి నాకు జ్యూస్ డబ్బా అందించింది.

వచ్చేటప్పుడు వాళ్ళొక పుస్తకం ఇచ్చారు. తేదీ, పూట, షుగర్ ఎంత, ఇన్సులిన్ ఎంత, రిమార్క్స్. మీటరూ పుస్తకమూ ఒక ఊదారంగు సంచీలో పిల్లతోపాటే రెండిళ్ళ మధ్యా తిరిగేవి. మూడు నెలలకోసారి క్లినిక్‌లో నర్సు ఆ పుస్తకం చూసి డోసు మార్చేది.

ఇక్కడ నా గతం కొంచెం చెప్పాలి. నేను గుంటూరులో ఎంసెట్ కోచింగ్ సరుకుని. ప్రతి సోమవారం గోడకి ర్యాంకుల కాగితం అంటించేవాళ్ళు, మా తిండీ నిద్రా దాన్నిబట్టే ఉండేవి. అలాంటివాడి చేతికి, పక్కపక్కన ఇద్దరి అంకెలూ ఉండే పుస్తకం ఇస్తే ఏమవుతుంది?

మొదటి నెలలోనే పోల్చి చూశాను. మాధవి పేజీలో 112, 126, 104, 131. నా పేజీలో 243, 61, 310, 188. తనవి పిల్లల షుగర్ అంకెల్లా ఉన్నాయి, నావి బస్సు నంబర్లలా ఉన్నాయి. శని ఆదివారాలంటేనే పుట్టినరోజు పార్టీలు, పిజ్జాలు, ఎవరో ఒక ఆంటీ బలవంతంగా పెట్టే మైసూర్ పాకులు. అది మాధవికీ తెలుసు. ఆదివారం సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో పిల్లని అప్పగించేటప్పుడు, తను పుస్తకం తిరగేసి ఒక్క మాటా అనేది కాదు. "ఊఁ" అని మూసేసేది. ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను అనాల్సినవన్నీ అంది కానీ, ఆ "ఊఁ" అంత గట్టిగా ఏదీ తగల్లేదు.

2012 మార్చి ఆఖర్లో ఒక శనివారం పార్టీ నుంచి వచ్చాక మీటరులో 287 వచ్చింది. 287కి ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో అంతా లెక్కగా ఇచ్చాను. పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం నా చెయ్యి, నాకు చెప్పకుండా, 187 అని రాసింది. పిల్లకి అసలు మందు ఇచ్చాను కదా, పుస్తకానికి కాస్త పౌడర్ అద్దితే తప్పేముంది అనుకున్నాను. మరుసటి రోజు మాధవి పేజీ చూసి "ఊఁ" అనలేదు. "పర్లేదే" అంది. ఆ మూడక్షరాల ముక్కతో నేను మునిగిపోయాను.

ఆ తర్వాత నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా ఉద్యోగం ఏమిటో చెప్పలేదు కదూ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడం, అందుకోసం నిజంలా కనపడే దొంగ డేటా తయారు చేయడం. పదకొండేళ్ళ అనుభవం. అన్నీ సున్నాతో ముగిస్తే అనుమానం వస్తుందని 113, 127 అని రాసేవాణ్ణి. మధ్యమధ్య సహజంగా ఉండటానికి ఒక 171 చల్లేవాణ్ణి, పులిహోరలో ఎండుమిర్చిలాగా. ఎక్కువలు తగ్గించినవాణ్ణి తక్కువల్ని ఎందుకు వదులుతాను? రెండు పొద్దుటిపూటలు మేఘన చెమటలు పట్టి లేచింది. చూస్తే ఒకసారి 58, ఇంకోసారి 54. డెబ్భై కిందకి పడితేనే ప్రమాదం. జ్యూస్ తాగించి, పక్కనే కూర్చుని, మళ్ళీ చూసి, కుదుటపడ్డాక పుస్తకం తీసి 98, 94 అని రాశాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కాబట్టి త్వరగా ముందుకి వెళదాం.

జూన్ ఆఖరి వారం మేఘన పూర్తిగా నా దగ్గర ఉంది. రోజూ మీటరు చూశాను, సూదులు వేశాను, పుస్తకం మాత్రం ముట్టుకోలేదు. ఆదివారం పార్కింగ్‌లో మాధవి రావడానికి పది నిమిషాలుందనగా, స్టీరింగ్ మీద పుస్తకం పెట్టుకుని, ఏడు రోజుల షుగర్‌నీ ఒక్క కాఫీ అయ్యేలోపు పూర్తి చేశాను. మేఘన వెనక సీట్లోంచి, "నాన్నా, హోంవర్కా?" అని అడిగింది. అవునన్నాను.

జులైలో క్లినిక్‌కి వెళ్ళాం. ఇద్దరూ రావాలని వాళ్ళ నియమం. నర్సు పేరు మార్తా. కళ్ళజోడు ముక్కు కొసన ఉంచుకుని, ఎవరినీ తొందరపెట్టకుండా మాట్లాడే మనిషి. పుస్తకం ఆసాంతం తిరగేసి, నాన్నగారి నంబర్లు చాలా బాగున్నాయి, అమ్మగారి వాటికన్నా కూడా బాగున్నాయి అంది. నాకు గుంటూరు గోడమీద ర్యాంకుల కాగితంలో మొదటి పేరు నాదే కనపడింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే మనిషిని. ఏం చేస్తున్నారని మార్తా అడిగేసరికి, రాగి సంకటి, తినగానే ఇరవై నిమిషాల నడక, పీచు పదార్థాలు అంటూ ఉపన్యాసం అందుకున్నాను. మాధవి వైపు తిరిగి, కావాలంటే తనకీ రాసిస్తానని కూడా అన్నాను. తను గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుంది. మూలన బొమ్మ గీసుకుంటున్న మేఘన తలెత్తి, "రాగి వాట్?" అంది.

అప్పుడు మార్తా ఇంకో కాగితం తీసింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష. అది ఎక్కువగా వచ్చింది. చాలా ఎక్కువగా. పుస్తకంలో అన్ని పూటలూ ఇంత బాగుంటే, మనం చూడనిది ఒక్క నిద్రపోయే సమయమే, కాబట్టి షుగర్ అప్పుడే పెరుగుతూ ఉండాలి, పడుకునే ముందు ఇచ్చే ఇన్సులిన్ పెంచేద్దాం అంది. అంటూ పెన్ను మూత తీసింది.

నాకు ఆ రెండు పొద్దుటిపూటలు కళ్ళ ముందుకి వచ్చాయి. ఇప్పుడున్న డోసుకే 54కి పడిన పిల్ల. ఇంకా పెంచితే ఏదో ఒక పొద్దున లేవకపోవచ్చు.

"వద్దు," అన్నాను, తెలుగులోనే.

"వద్దు," అంది మాధవి, అదే క్షణంలో.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విడిపోయాక మేమిద్దరం ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. నేను మార్తాకి ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. నావన్నీ దొంగ నంబర్లనీ, పొద్దుటిపూట రెండుసార్లు షుగర్ పడిపోయిందనీ. నేను ఆగగానే మాధవి చెప్పింది, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ. తన దగ్గర కూడా ఒక బుధవారం పొద్దున 52 వచ్చిందట, 92 అని రాసిందట. నావి మరీ మెరిసిపోతుంటే తనకి భయం వేసి, ఏప్రిల్ నుంచి తనవీ దిద్దుతోందట.

"నీకు భయమా?" అన్నాను.

"నీకన్నా నేనే సరిగ్గా చూసుకుంటాననుకున్నా రఘూ. పుస్తకం చూస్తే అలా లేదు మరి."

మార్తా మా తెలుగు అయ్యేదాకా ఆగి, పెన్నుకి మూత పెట్టేసింది. ఆ పెన్ను రాయడానికి తీసింది కాదని మాకు అప్పుడు తెలిసింది. ఫైల్ కిందనుంచి నాలుగు పేజీల ప్రింటు తీసి మా ముందు పరిచింది. మేఘన ఎత్తూ బరువూ చూడటానికి లోపలికి తీసుకెళ్ళినప్పుడే మీటరుని కంప్యూటర్‌కి తగిలించి, మూడు నెలల అసలు నంబర్లన్నీ దింపేసుకుందట. మీటరు అన్నీ గుర్తుపెట్టుకుంటుందని పదకొండేళ్ళ టెస్టింగ్ నిపుణుడికి ఎందుకు తట్టలేదో నన్ను అడగకండి. మీ ఇద్దరిలో ముందు ఎవరు చెబుతారా అని చూశాను, ఇద్దరూ ఒకేసారి చెప్పారు, అది నాకు బాగా నచ్చింది అంది. తర్వాత గొంతు మార్చకుండానే, ఇవి మార్కులు కావు, దారి చెప్పే బోర్డులు, బోర్డు తిప్పేస్తే నేను పిల్లని ఎటో తీసుకుపోతాను అంది. మేమిద్దరం క్లాసు బయట నిలబెట్టిన పిల్లల్లా తలూపాం.

అయిపోయిందనుకుంటే, ఆవిడ నా పేజీ ఒకటి మళ్ళీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, చాలా మర్యాదగా అడిగింది. "జూన్ ముప్పై ఒకటిన ఏం జరిగింది?"

నేను ఆలోచించాను. నాలుగు పూటలూ 112, 118, 109, 121. "మంచి రోజు," అన్నాను.

"రఘూ," అంది మాధవి, "జూన్‌కి ముప్పై రోజులే."

మాధవి నవ్వడం మొదలుపెట్టింది. మార్తా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. భూమ్మీద లేని రోజున కూడా మా అమ్మాయి షుగర్ అదుపులో ఉంచిన తండ్రిని నేను. కాసేపటికి నాకూ నవ్వు ఆగలేదు. రెండేళ్ళయింది మేం కలిసి నవ్వి.

డోసులు అసలు నంబర్లతో సరిచేసి, మార్తా తీర్పు చెప్పింది. ఇకమీదట పుస్తకం మేఘనే రాస్తుంది, అమ్మా నాన్నా పెన్ను ముట్టుకోకూడదు. మేఘన ఆ ఉద్యోగంలో వెంటనే చేరిపోయింది. మేం ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేసిన రిమార్క్స్ గడి ఆమెకి మహా ఇష్టమైంది. ఇంగ్లీషులో రాసేది, నేను తెలుగులో చెబుతున్నాను. "268. నాన్న అరకప్పు అన్నం అన్నాడు. అది అరకప్పు కాదు." "231. నాన్న గులాబ్‌జామ్ ఒకటే లెక్కపెట్టాడు." మాధవి వైపు కూడా న్యాయంగానే ఉండేది. "249. అమ్మ మీటరుతో గట్టిగా మాట్లాడింది." ఆదివారాలు పార్కింగ్‌లో మేమిద్దరం కారు బానెట్ మీద పుస్తకం పెట్టుకుని మా నేరాలు చదువుకునేవాళ్ళం. అంకెలు చూడటం అయ్యాక కూడా మాధవి ఒక్కోసారి వెంటనే వెళ్ళిపోయేది కాదు.

అలాంటి ఒక ఆదివారమే, తల్లీకూతుళ్ళ సమక్షంలో, కుడిచెయ్యి ఊదారంగు సంచీ మీద పెట్టి, నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ పుస్తకంలోనైనా, ఏ గడిలోనైనా, మీటరు చెప్పని అంకె రాయనని, ఎవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా రాగి సంకటి గురించి మాట్లాడనని. మేఘన దాన్ని ముఖం గంభీరంగా పెట్టి రిమార్క్స్‌లో రాసుకుని, కింద నా చేత సంతకం పెట్టించింది. సంతకం పక్కనే ఆ పూట షుగర్ ఉంది, 214. పెన్ను నా చేతిలోనే ఉంది. దిద్దలేదు.