ఫ్లెక్సీలో మా శేఖరు

పొద్దున ఆదోని బస్టాండు కాడ ఒక ఫ్లెక్సీ చూసినా. మనకు అస్సలు పడని హీరో పుట్టినరోజంట. కింద అభిమానుల ఫోటోల్లో మా ఎమ్మిగనూరు శేఖరు నగుతాండాడు.

తోటి ఫ్యాన్సుకు గుర్తుండాదా అప్పా, మన హీరో తెరమీదికొస్తే అందరూ కాగితం ముక్కలు చల్లేవాళ్లు. నేనూ శేఖరూ మాత్రం శేఖరు వాళ్లింట్లో మగ్గం కింద రాలిన రంగురంగుల నూలు పోగులు జేబుల నిండా తెచ్చి చల్లేవాళ్లం. ఈ ఫ్లెక్సీ హీరో బొమ్మ ఆడే టాకీసు ముందర నేను నిలబడినా శేఖరు నాతో మాట్లాడేవాడు కాదు.

ఫోను చేసి అడిగినా, "ఏందప్పా ఇది?"

"మనోడు ఇప్పుడు తండ్రి వేషాలేస్తాండాడు గదప్పా. ఆయప్పకేం ఈలేస్తాం?" అన్నాడు.

మన నాయన ముసలోడైనాడని పక్కింటాయన్ని నాయనా అని పిలుస్తామా, శేఖరా?