పాస్టరమ్మ పొడుగు ప్రార్థన

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా పిల్లలందరికీ ఒకటే భయం. మా పాస్టరమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే ఇగ ఒడిసేది కాదు. వానలు, పంటలు, గొడ్డూ గోదా, పట్నం దవాఖానల పడ్డోళ్ళు, అందరినీ దేవునికి అప్పజెప్పేదాక ఊకోకపోయేది. అది కూడా రేకుల కప్పు అదిరేటట్టు గొంతెత్తి. కండ్లు మూసుకొని మూసుకొని మాకు నిద్రొచ్చేది. బయటికొచ్చినంక ఆమె గొంతును ఎక్కిరించి పడి పడి నవ్వేటోళ్ళం.

మాది ఇబ్రహీంపట్నం పక్కన ఒక చిన్న ఊరు. మా చర్చిలో ఆడోళ్ళకు ఒక పద్ధతి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి ముంతల వేసేటోళ్ళు. అట్ల వారమంతా కూడిన బియ్యాన్ని ఆదివారం చిన్న గుడ్డసంచిలో తెచ్చి, ముందర పెట్టిన గోనెసంచిలో పోసేటోళ్ళు. పాస్టరమ్మ ఇంట్ల వండుకునేది ఆ బియ్యమే. ప్రార్థన నడుస్తుంటెనే ఒకామె పోసి వచ్చి పక్కామె భుజం తడితే ఆమె లేవాలె. మిగిలినోళ్ళంతా కండ్లు మూసుకోవాలె. పాస్టరమ్మ కండ్లు కూడా మూసే ఉండేవి.

ఆ ఏడు పెద్ద చెరువు ఎండింది. నాట్లు లేవు, కూలి లేదు. దానికి తోడు మా బాపు రాళ్ళ క్వారీల కాలు విరగ్గొట్టుకొని మంచాన పడ్డడు. ముంతల పిడికెడు వేసుడు దేవుడెరుగు, కుండలనే గింజ లేని రోజులొచ్చినయి. అమ్మ చర్చికి వచ్చుడు బంద్ చేసింది. ఉత్తచేతులతోని ఎట్ల పోతనని ఆమెకు సిగ్గు. నన్నొక్కదాన్నే తోలేది. "మీ అమ్మ వస్తలేదేంది?" అని పక్కింటి అక్క అడిగితే జరమొచ్చిందని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు తల ఎత్తకపోయేదాన్ని.

ఒకనాడు పాస్టరమ్మ మా ఇంటికొచ్చింది. నన్ను బయట ఆడుకోమని పంపి, అమ్మతోని చాలాసేపు మాట్లాడి పోయింది. ఆ ఆదివారం పొద్దుగాల అమ్మ తలకు పోసుకొని, ఖాలీ గుడ్డసంచి చేతుల పట్టుకొని మోకాళ్ళ మీద కూసున్నది. "ప్రభువా, ఈ సిగ్గు నన్ను ఇంట్లనే కట్టేసింది. పోయేటందుకు జర ధైర్నం ఇయ్యి" అంటుంటే నేను విన్న.

ఖాలీ సంచితోని పోయి ఏం చేస్తది? నాకు ఒకటే ఫికర్. అందుకే అమ్మ వంతు వచ్చినప్పుడు కండ్లు తెరిచిన. అమ్మ తన సంచిని గోనెసంచిలోకి పెట్టింది. బయటికి తీసేసరికి అది నిండుగ ఉన్నది.

నా పానం పోయినంత పనైంది. మా అమ్మ దేవుని బియ్యం దొంగిలించిందనుకున్న. భూమి పగిలి లోపలికి పోతే బాగుండనిపించింది. అమ్మ వెనక్కి మళ్ళింది, నన్ను చూసింది. ఆమె మొఖం మాడిపోయింది. కానీ సంచిని కొంగు కింద దాచలేదు. నా మీది నుంచి చూపు తీయలేదు. అట్లనే నడిచొచ్చి నా పక్కన కూసున్నది.

ఇంటికి పోయేటప్పుడు నేను ఏడ్చుకుంట ఆమెకు దూరంగ నడిచిన. చెరువు కట్ట కాడ అమ్మ ఆగింది.

"దొంగతనం కాదు బిడ్డా. పాస్టరమ్మనే రమ్మన్నది. ఉన్నోళ్ళు పోస్తరు, లేనోళ్ళు తీసుకుంటరు. ఎవరేందో ఎవరికీ తెల్వదు. గింజల సప్పుడు ఇనపడొద్దనే ఆమె గంత గట్టిగ ప్రార్థన చేస్తది." మళ్ళ నడుసుకుంట, "నాకు కాళ్ళు చేతులు ఆడలే. దేవుడే నడిపించిండు" అన్నది.

అప్పుడైనా సిగ్గు పోవాలె గదా? పోలేదు, ఇంకింత ఎక్కువైంది. మేము తీసుకున్నంత మేర పాస్టరమ్మ పిల్లలకు తక్కువ పడ్డట్టే. అది తెలిసే ఆమె గొంతు పెంచేది. ఆ గొంతునే నేను ఎక్కిరించిన. ఆ రోజు అమ్మ ఎసరు పెట్టి, ఆ బియ్యంలోంచే మొదట ఒక పిడికెడు తీసి ముంతల వేసింది. నేను చూస్తనే ఉన్న.

మొన్న కరోనా పోయి చర్చి మళ్ళ తెరిచిన్నాడు, ఆదిభట్లల కంపెనీ బస్సు నడిపే నా కొడుకు పని పోయి ఇంట్లనే ఉన్నడు. ఈ వయసుల నేను ఖాలీ సంచి పట్టుకొని పోయిన. అమ్మ అడిగినట్టే ప్రభువును ధైర్నం అడిగి పోయిన. ఇప్పటి పాస్టరమ్మది కూడా పెద్ద గొంతే, చల్లగుండ. సంచి నింపుకొని మళ్ళేసరికి, ముందు వరుసల ఒక చిన్నపిల్ల కండ్లు తెరిచి నన్నే చూస్తున్నది.

ఒళ్ళంత సిగ్గైంది. అమ్మకు కూడా ఆనాడు ఇంతే సిగ్గైందని, ఆ సిగ్గుతోనే ఆమె నా దాకా నడిచొచ్చిందని అప్పుడు తెలిసింది. నేను సంచి దాచలేదు. ఆ పిల్లను చూసుకుంటనే నడిచొచ్చి నా జాగల కూసున్న.