ఖాళీ చీటీల పుస్తకాలు

విశ్వవిద్యాలయం పిల్లలు తయారుచేసిన పుస్తకాల పట్టికలో 'చేతి గుర్తులు' అనే గడి ఒకటుంది. అది ఎందుకు వచ్చిందో పట్టికలో రాసి లేదు. దాని వెనక నేను చేసిన ఒక తప్పు పని ఉంది. ఇంకొకరు ఊహించి రాసేలోపు నేనే రాసి పెడుతున్నాను.

నేను కరీంనగర్‌లో బట్టలు కుడతాను. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయాల్లోనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే తెలుగు లెక్చరర్ ఒకావిడ కొలతలు ఇస్తూ కూడా పుస్తకాల గురించే మాట్లాడేవారు. ఒకరోజు తన తరగతికి రమ్మన్నారు.

"డిజిటల్ హ్యుమానిటీస్ అని కొత్తగ మొదలుపెట్టినం అక్కా. సాహిత్యం, చరిత్ర కంప్యూటర్ పెట్టి చదువుడన్నట్టు. మా పిల్లలకు కంప్యూటర్ వస్తది, లైబ్రరీ రాదు. జర వచ్చి కూసోండ్రి."

వాళ్ల పని నస్పూర్ దగ్గరి ఒక బొగ్గు గని కాలనీ గ్రంథాలయం మీద. నేను పెరిగింది ఆ కాలనీ పక్కనే. ఇప్పుడా భవనాన్ని ఖాళీ చేస్తున్నారు. పుస్తకాలను స్కాన్ చేసుకోవడానికి పిల్లలకు నెల రోజుల గడువు దొరికింది. అన్నింటికీ ఆ సమయం చాలదు. మిగిలినవి చిత్తుకాగితాలకు పోతాయి. అందుకని వాళ్లు ప్రతి పుస్తకం వెనక అంటించిన తేదీల చీటీని ఫొటో తీసి, ఏది ఎన్నిసార్లు పాఠకుల ఇళ్లకు వెళ్లిందో పట్టికకు ఎక్కించారు. ఎక్కువసార్లు వెళ్లినవి పైన, ఒక్కసారీ వెళ్లనివి అడుగున.

తెర మీద పట్టికను కిందికి జరుపుతుంటే అడుగున ఒక నక్షత్రాల పుస్తకం పేరు కనిపించింది. పద్నాలుగేళ్లప్పుడు నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకం. దాని ఎదురుగా సున్నా ఉంది.

"ఇది పోతదా బిడ్డా?" అని కంప్యూటర్ ముందున్న అమ్మాయిని అడిగాను.

"పోతది ఆంటీ. ఒక్కలు గూడ సదవలే దీన్ని."

"సదవలేదని ఎవలు చెప్పిన్రు?"

"చీటీ ఖాళీగున్నది గదా."

"హాజరు పట్టీల పేరున్నోళ్లంత క్లాసుల కూసున్నట్టేనా మరి?"

తరగతి నవ్వింది. వెనక వరుస నుంచి ఎవరో "ఆంటీకి మన సంగతి ముందే తెల్సు" అన్నారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. కారణం చెప్పమంది.

చెప్పాను. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే గని కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగి ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. మా బాపు కాంట్రాక్టు కూలీ. ఆయన సంతకం చెల్లదు. లోపల కూర్చుని చదువుకోవడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చే కూలీలు, మా వంటి పిల్లలు అక్కడే చదివేవాళ్లం. మేం ఏ చీటీలోనూ లేము.

అక్కడితో ఆపవచ్చు. కానీ ఆ సున్నాకు ఇంకో కారణం ఉంది. సగం చదివిన పుస్తకాన్ని రేపు ఇంకెవరైనా తీసుకుపోతే ఎట్లా అని, గ్రంథాలయం మూసేముందు దాన్ని దాచేదాన్ని. అడుగు అరలో బైండు చేసిన పాత గెజిట్లు ఉండేవి. వాటిని ఎవరూ ముట్టరు. వాటి వెనక సందులో పెట్టేదాన్ని. నక్షత్రాల పుస్తకం అక్కడ వారాల తరబడి ఉంది. చీటీ ఖాళీగా ఉండడంలో నా చెయ్యి కూడా ఉంది.

"దొంగతనం అంటరు ఆంటీ దాన్ని" అంది అమ్మాయి.

"ఇంటికి తీస్కపోతే దొంగతనం. ఈ అరకెళ్లి ఆ అరకు పెడితే ఏమంటరో నువ్వే చెప్పు."

"డేటా ఖరాబ్ చేసుడంటరు."

ఈసారి నేను కూడా నవ్వాను.

"మీరు చెప్పిన్రని నేను రాసుకుంటె రేపు మేడం ఆధారమేదని అడుగుతరు" అంది మళ్లీ. లెక్చరర్ తల ఊపారు. నాకు కొంచెం కోపం వచ్చింది, కానీ ఆ ప్రశ్న సరైనదే.

తర్వాతి ఆదివారం లెక్చరర్, ఆ అమ్మాయి, నేను ముగ్గురం మంచిర్యాల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో కాలనీకి వెళ్లాం. గెజిట్లు ఉన్నచోటే ఉన్నాయి. వాటిని ఎవరూ కోరలేదు. అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నాలుగు సంపుటాలు పక్కకు తీసి, వెనకకు చెయ్యి పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటిగా మూడు పుస్తకాలు బయటికి వచ్చాయి. ఒకటి మోటారు మరమ్మతు, ఒకటి నవల, ఒకటి ఉర్దూ నేర్చుకునే వాచకం. గ్రంథాలయం రిజిస్టరులో ఆ మూడింటి ఎదుటా 'దొరకలేదు' అని ఉంది.

"మీరు పెట్టినయేనా ఆంటీ?"

అవునంటే నా మాటకు ఆధారం దొరికినట్టే. నక్షత్రాల పుస్తకం బతుకుతుంది.

"కాదు బిడ్డా. వీటిని నేనెన్నడు సూడలే."

"మరి ఎవరియి?"

"నా లెక్కనే ఇంకెవలో."

ఆ సందు నా ఒక్కదానిదే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను.

నక్షత్రాల పుస్తకం పై అరలో ఉంది. అమ్మాయి దాన్ని తెరిచి, పేజీల కింది మూలలు చూసింది. నల్లగా ఉన్నాయి. ఎంత కడిగినా బొగ్గు గోళ్ల చుట్టూ మిగిలిపోతుంది, ఆ నలుపే అది అన్నాను. దుమ్ము కూడా కావచ్చు అంటూ ఆమె పక్కన ఒక గెజిట్ తెరిచి పెట్టింది. అదే గది, అదే దుమ్ము. దాని మూలలు తెల్లగా ఉన్నాయి. రెండింటినీ కలిపి ఫొటో తీసుకుంది.

ఆ వారం నుంచి పిల్లలు సున్నా ఉన్న ప్రతి పుస్తకాన్నీ తెరిచి చూశారు. మూలలు నలిగి నల్లబడ్డవాటిని పట్టికలో 'చేతి గుర్తులు' అనే కొత్త గడిలో నమోదు చేసి, స్కాన్ చేసే వరుసలోకి మార్చారు. నక్షత్రాల పుస్తకం కూడా అందులోకి వెళ్లింది. మూలలు శుభ్రంగా ఉన్నవి పోయాయి. శుభ్రమైన చేతులతో చదివినవాళ్లు కూడా ఉంటారు కదా అన్నాను.

"అట్లయితె అన్నీ ఉంచాలె ఆంటీ. మనకు పదిరోజులే ఉన్నయి" అంది అమ్మాయి.

పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి పేర్లు లేకుండానే కృతజ్ఞతలు చెబుతున్నాను. కొలతల మధ్య పుస్తకాల గురించి మాట్లాడిన లెక్చరర్‌కు. తాళం తీసి, మేం పని ముగించేదాకా గడప మీద కూర్చున్న కాలనీ వాచ్‌మన్‌కు. నా మాటను వెంటనే నమ్మని అమ్మాయికి. ఆ మూడు పుస్తకాలు దాచినవాళ్లు ఎవరో, వాటిని చివరిదాకా చదివారో లేదో తెలియదు. వాళ్లకు కూడా కృతజ్ఞతలు.