గొలుసుకు సెలవు

మా ల్యాబులో నాకు అనుమానప్పక్షి అని పేరు. నాంపల్లి సందులో, పాత మేడ పై అంతస్తులో, నీళ్లూ తిండిపదార్థాలూ పరీక్షించే చిన్న ల్యాబు మాది. ఎవరైనా స్విచ్చి ఆపామంటే నమ్మను, వెళ్లి చూస్తాను. అబిడ్స్‌లో బస్సు దిగాక ఇంటికి తాళం వేశానా లేదా అని బెంగ పట్టుకుంటుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు. యాసిడ్ అంటే అందరికీ భయమే. ఓ మూల కదలకుండా నిలబడి ఉండే గ్యాస్ సిలిండరంటే మాత్రం ఎవరికీ లెక్కలేదు. నాకు అదే భయం. అది ఒరిగితే కాలు నుజ్జవుతుంది, తల దగ్గర వాల్వు విరిగితే గోడనైనా బద్దలుకొట్టుకుని దూసుకుపోతుంది. అందుకే ల్యాబులో ఉన్న రెండింటినీ గోడకు గొలుసులతో కట్టి ఉంచుతాం.

ఆయుధపూజ రోజు నేను సెలవులో ఉన్నాను. వెళ్లేముందు గొలుసులు నా చేత్తో బిగించి మరీ వెళ్లాను. దసరా అయ్యాక వచ్చేసరికి మెషిన్లన్నీ కోఠి నుంచి తెచ్చిన బంతిపూల దండలతో పెళ్లికి తయారైనట్టున్నాయి. పూజ చేయించింది మా సీనియర్ టెక్నీషియన్. పాత హైదరాబాదు మనిషి, నాకంటే పెద్దవారు, భక్తి ఎంతో మొండితనమూ అంతే. ఆయన కూర్చునేది ఒక సిలిండర్‌కు వీపు పెట్టి.

మధ్యాహ్నం నేను ఆయన బల్ల పక్కన నిలబడి టీ తాగుతుంటే, దండ కింది నుంచి సిలిండర్ మీద కుంకుమ బొట్టు కనిపించింది. సరిగ్గా గొలుసు ఉండాల్సిన చోట. గొలుసు ఉంటే బొట్టు గొలుసుకు అంటాలి గానీ సిలిండర్‌కు ఎలా అంటింది? గొలుసు ఉందా అని అడిగాను. ఆయన తల తిప్పకుండానే ఉందన్నారు. దండ జరిపి చూస్తానంటే, పూజ దండ వాడిపోయేదాకా ముట్టుకోవద్దన్నారు. అంత వెంటనే జవాబు రావడం నాకు నచ్చలేదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఏదో దాస్తున్నారనిపించింది.

ఇక అడగలేదు. దండ కింద వేళ్లు పోనిచ్చాను. మెత్తగా పూలు, వాటి వెనక చల్లటి ఇనుము, అంతే. ఒళ్లు మండిపోయింది.

"ముందు అక్కణ్ణుంచి లేవండి," అన్నాను.

ఆయన లేచి చూశారు, మొహం పాలిపోయింది. వాల్వు మూసి, గొలుసేదని అడిగితే అమ్మవారి పటం వైపు చూపించారు.

"పండుగ పూట పనిముట్లకు పని చెప్పొద్దు గద మేడం. కత్తెరకు, స్పానర్‌కు ఇచ్చినట్టే గొలుసుకు గూడ జర ఆరాం ఇచ్చిన. మల్ల కట్టిననే అనుకున్న."

అబద్ధం ఆడలేదు, మరిచిపోయారు. పూజకు ఉద్వాసన చెప్పలేదని పటం ముందు పనిముట్లున్న పళ్లేన్ని ఎవరూ కదపలేదు. ఆయన పళ్లెంలో వాడిపోయిన పూల మధ్య నుంచి గొలుసు తీసి, కుంకుమ దులిపి కట్టారు. నేను లాగి చూశాను, మళ్లీ చూశాను. ఆయనకు నాలుగు మాటలు గట్టిగా చెబుదామని తిరిగేసరికి, ఆయన ఇంకా పళ్లెం దగ్గరే నిలబడి ఉన్నారు. పూల కింద ఇంకో గొలుసు ఉంది.

"మీ కుర్చీ ఎనక సిలిండర్‌కు గూడ నేనే బొట్టు పెట్టిన మేడం," అన్నారు మెల్లగా.

నేను కట్టిందే కదా అని దాన్ని చూడనే లేదు. పొద్దున్నుంచీ దాని ముందే కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాను. నా కుర్చీ గది చివర ఉంది. గొలుసు పట్టుకుని ఆయనే ముందు నడిచారు.