మూడు గంటల దూరం

నాకు మాహేకు బదిలీ అయినప్పుడు అక్క బెంబేలెత్తిపోలేదు. "అదీ మన గవర్నమెంటేగా, మరీ అంత దూరమేం ఉండదులే," అంది. యానాంలో సర్కారు గుమాస్తాకు ఈ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. మాదంతా పుదుచ్చేరి ప్రభుత్వం. యానాం ఈ సముద్రం పక్కన, మాహే కేరళలో ఆ సముద్రం పక్కన. మధ్యలో దేశం అడ్డంగా పడి ఉంటుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. యానాంలోనే మెట్టకూరులో బావ ఆటో నడిపేవాడు, అక్క ఇంటిముందు ఇడ్లీలు వేసి అమ్మేది. అప్పటికే ఆవిడకు గుండె జబ్బు. నామీద బెంగ పెట్టుకోకూడదని ఫోన్లో వెతికి చూశాను. గీత గీస్తే తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు. కన్నూరు నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి రాజమండ్రి, రెండు విమానాలు.

"మూడు గంటలే అక్కా," అన్నాను.

"అంటే కాకినాడ ఆసుపత్రికెళ్ళి మందులు రాయించుకొచ్చినంత సేపేనన్నమాట," అంది. ఆవిడ ముఖం తేటపడింది.

గాల్లో ఉండే సేపు మాత్రమే చెప్పి, నేలమీది సంగతి మింగేశాను. కన్నూరు విమానాశ్రయానికి వెళ్ళడం, అక్కడ ముందుగా వెళ్ళి కూర్చోవడం, హైదరాబాదులో పడిగాపులు, రాజమండ్రిలో దిగాక యానాం దాకా కారులో మరో రెండు గంటలు, ఇవేవీ చెప్పలేదు. ఇడ్లీకి వచ్చిన ప్రతివాడితోనూ అక్క, "మా తమ్ముడు పిలిస్తే మూడు గంటల్లో వాలిపోతాడు," అనేది. సెలవుకు వచ్చినప్పుడు తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రం దిగినా, "ఆఫీసులో లేటయిందక్కా," అని బొంకేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను అక్కనే లోకువ చేశాను. ఇప్పుడు తలచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఒక ఉదయం ఏడు గంటలకు బావ ఫోన్ చేశాడు. "అక్కకేం బాలేదు. నిన్నే అడుగుతుంది. తొందరగా వచ్చెయ్."

"బయల్దేరుతున్నా బావా," అన్నాను. ఎప్పటికి చేరతానో అప్పుడైనా చెప్పలేదు.

హైదరాబాదులో దిగి ఫోన్ ఆన్ చేసేసరికి మధ్యాహ్నం రెండు. అక్క పోయిందని మెసేజ్ ఉంది. రాజమండ్రి విమానానికి ఇంకా రెండు గంటలు. చుట్టూ జనం కాఫీలు తాగుతున్నారు. పెట్టె మీద తల ఆనించుకుని ఏడ్చాను.

మెట్టకూరు చేరేసరికి చీకటి పడుతోంది. నా కోసమే ఆపారు. అక్క పాదాలు చల్లగా, గట్టిగా ఉన్నాయి. అరుగు మీద బావ నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"మొన్నే నీకు ఫోన్ చేస్తానంటే మీ అక్క పడనివ్వలేదు. మూడు గంటలేగా, మరీ బాలేకపోతే అప్పుడు చేద్దురుగాని, ఊరికే సెలవు పాడుచెయ్యకండి అంది."

నేను చెవులు మూసుకుందామనుకున్నాను.

"పదింటి కాణ్ణించి గుమ్మంకేసే చూసింది. బయల్దేరాడే అంటే నమ్మలేదు. 'బయల్దేరుంటే ఈపాటికి వచ్చేసేవోడు. నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నారు మీరు. సెలవు దొరకలేదేమోలే, వాణ్ణేం అనకండి' అంది."