నాకంటే ముందు వెళ్ళిన పెట్టె

ఆ రోజుల్లో బాగేపల్లి నుంచి బెంగళూరికి వెళ్ళడం పెద్ద కష్టమేమీ కాదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడుండొచ్చు. కష్టమంతా ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోవడంలోనే ఉండేది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే జూనియర్లు శుక్రవారం సాయంత్రం బొంబాయిలో పని దొరికిందని చెబుతారు, సోమవారానికల్లా అక్కడుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒకటే ఆశ్చర్యం: వీళ్ళకు భయపడడానికి తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని. మాకు తీరికకు కొదవ లేదు. నేనైతే ఒక చలికాలమూ, దాని వెనకే వచ్చిన సగం ఎండాకాలమూ పూర్తిగా ఆ పనికే వినియోగించాను.

మాది చింతపండు, వేరుశనగ వ్యాపారం చేసే ఇల్లు. నాన్న పోయాక మండీని మామ చూసుకునేవాడు. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మండీలో తూకాలు చూస్తూ, దొరికిన పుస్తకమల్లా చదువుతూ నాకు నేనే పట్టుకున్నాను. లా చదివింది బెంగళూరులోనే. (అయితే మాత్రమేం? చదువుకునేవాడు చూసే బెంగళూరు వేరు, కోటు తొడుక్కున్నవాడు చూసేది వేరు.) పట్టా చేతికి రాగానే తిరిగి వచ్చేసి చిక్కబళ్ళాపురంలో ఒక పెద్ద వకీలు దగ్గర చేరాను. రోజూ బాగేపల్లి నుంచి బస్సులో వెళ్ళి, వాయిదా అడిగి, వాయిదా తెచ్చుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చేవాణ్ణి. వాయిదా అనే మాట నా స్వభావానికి ఎంత నప్పిందో అప్పుడు నాకు తెలియలేదు.

కొత్త కంపెనీల చట్టం వచ్చిన కొత్తలో చింతామణిలోని ఒక నూనెమిల్లు అన్నదమ్ములు తమ భాగస్వామ్యాన్ని ప్రైవేటు కంపెనీగా మార్చుకోవాలనుకున్నారు. ఆ చట్టం మా పెద్ద వకీలుకు నచ్చలేదు. "ఇంత లావు పుస్తకం ఈ వయసులో నేను మోయలేనప్పా, నువ్వు మొయ్యి" అని నా మీద పడేశారు. నేను దాన్ని కథల పుస్తకంలా చదివాను. అన్నదమ్ముల్లో ఎవరికి ఎన్ని వాటాలు, ఒకడు అమ్ముకుంటే ఎవడు కొనాలి, ఎలా వెలకట్టాలి, అన్నీ రాసి పెట్టాను. ఆ కాగితాలు చూడడానికి బెంగళూరు నుంచి ఒక లాయరు వచ్చారు. కంపెనీల పని తప్ప ఇంకేదీ ముట్టరని పేరు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్ళద్దాలు ముక్కు చివరిదాకా జార్చి, వాటి పైనుంచి చూసేవారు. కాగితాలన్నీ చదివి, "నా జూనియరు సొంతంగా పెట్టుకుంటున్నాడు. కుర్చీ ఖాళీ అవుతుంది. యావాగ బర్తీయా?" అన్నారు.

ఎప్పుడొస్తావు అని అడిగారే గాని వస్తావా అని అడగలేదు. వస్తావా అని అడిగి ఉంటే రానని చెప్పి బతికిపోయేవాణ్ణి. తల ఊపాను. ఆయన అదేదో జవాబనుకుని, "ఉగాదిలోపు రా. ఆ తర్వాత కుర్చీ నీకోసం కాచుకుని ఉండదు" అని కారెక్కారు.

ఆ కారు దుమ్ములోనే నా భయం మొదలైంది. ఆయన ఇంగ్లీషు వేగానికి భయం. హైకోర్టు మెట్లంటే భయం. అక్కడ జడ్జీగారు నావైపు చూసి ఏదో అడుగుతారని, నాకు జవాబు తెలిసి కూడా నోట్లోంచి రాదని భయం. అన్నిటికంటే పెద్ద భయం మా ఊరి బస్టాండులోనే కూర్చుని ఉండేది. దాని పేరు రిటర్నప్ప. ఆయన అసలు పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. ఒకప్పుడు పెట్టె నెత్తిన పెట్టుకుని బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్ళి, నెల తిరగకుండానే అదే పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడట. అప్పటి నుంచి బస్టాండులో సోడాకొట్టు నడుపుతున్నా, పిల్లాజెల్లా రిటర్నప్ప అనే పిలిచేవాళ్ళు. నేను రోజూ ఆయన కొట్టు ముందే బస్సెక్కేవాణ్ణి. ఆయనకు జోడీగా రెండో రిటర్నప్పనై ఆ బల్ల మీద కూర్చున్నట్టు నాకు కళ్ళకు కట్టేది.

లెక్క తెలిసినవాణ్ణి కాబట్టి లెక్క ప్రకారమే తేల్చుకోవాలనుకున్నాను. ఒకరోజు మండీలో ఎవరూ లేనప్పుడు త్రాసు ముందు కూర్చుని, ఇప్పుడే వెళ్ళడానికి ఒక్కో కారణానికి ఒక్కో చింతగింజ ఈ తట్టలో, ఇంకో ఏడాది ఆగడానికి ఒక్కో కారణానికి ఒక్కో గింజ ఆ తట్టలో వేశాను. ఆగడమే బరువు తూగింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. మామ ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో చూసుకోలేదు.

"ఏమిరా అల్లుడా, గింజల యాపారం పెడతాండావా?"

విషయం చెప్పాను. మామ తట్టలోకి వంగి చూశాడు. "ఈ పక్క గింజలన్నీ సొట్టవి, ఆ పక్కవన్నీ బలిసినవి. ఏరి ఏరి ఏసినావు కదరా! ఇట్లా తూకమేస్తే నా మండీ కాడికి ఒక్క రైతన్నా వస్తాడా?"

నాకు తెలియకుండానే నా చేతివేళ్ళు గింజలను ఏరాయి. సిగ్గుపడి, త్రాసు ఖాళీ చేసి, ఇంకో దారి వెతికాను. ఆ దారి పంచాంగం. లెక్కలవాణ్ణయిన నాకు పంచాంగం మీద అంతకుముందు పెద్ద నమ్మకం లేదు. కాని వెళ్ళకూడని రోజులు అందులో అంత ధారాళంగా ఉంటాయని తెలిశాక గౌరవం పుట్టింది. గురువారం దక్షిణానికి శూల, బెంగళూరు మాకు దక్షిణం. మిగిలిన రోజుల్లో ఒకదానికి తిథి మంచిది కాదు, ఒకదానికి నక్షత్రం కుదరదు. ఇలా ఉగాది దగ్గరపడుతుంటే అమ్మ ఊరుకోలేదు. పురోహితుణ్ణి ఇంటికి పిలిపించింది. ఆయన వేళ్ళు మడిచి, బుధవారం పొద్దున దివ్యమైన ముహూర్తం ఉందని తేల్చాడు.

"బుధవారం చిక్కబళ్ళాపురంలో వాయిదా ఉంది స్వామీ" అన్నాను. (నిజంగానే ఉంది. ఆ వాయిదాకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.)

"దానికేముండాదప్పా? ప్రస్థానం పెట్టేస్తే సరిపోతుంది" అన్నాడాయన.

ప్రస్థానమంటే, ముహూర్తానికి మనిషి బయల్దేరలేకపోతే, వెళ్ళే పనికి కావలసిన వస్తువేదైనా ఆ వేళకు గడప దాటించి, వెళ్ళే దిక్కులో ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టడం. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. ఆ తర్వాత వారంలోపు మనిషి వెళ్ళి దాన్ని తీసుకుని సాగిపోవాలి. మధ్యలో ఆ మూట విప్పకూడదు, వెనక్కి ఇంటికి తేకూడదు. వెళ్ళకుండానే వెళ్ళినట్టు లెక్కకొచ్చే ఇంత గొప్ప పద్ధతిని కనిపెట్టినవాడు నాలాంటివాడే అయి ఉంటాడని నాకనిపించింది. బుధవారం పొద్దున నా రేకు పెట్టెలో నల్లకోటు, మెడపట్టీలు, కంపెనీల చట్టం పెట్టి, అమ్మ పసుపు కుంకుమలు పెట్టి పంపింది. పెట్టె వీధి చివర దక్షిణాన ఉన్న మామ మండీకి చేరింది. నేను నిశ్చింతగా చిక్కబళ్ళాపురం బస్సెక్కాను.

బస్సు సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, కోటు పెట్టెలో ఉందని. పెద్ద వకీలుగారు తన పాత కోటు ఇచ్చారు. ఆయన భారీ మనిషి. కోటు చేతులు నా వేళ్ళను దాటి కిందికి వేలాడాయి. మున్సిఫుగారు నన్ను ఎగాదిగా చూసి, "వకీలుగారు లోపల ఉన్నారా?" అని అడిగారు. కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇక్కడే ఇట్లా ఉంటే హైకోర్టులో నా గతేమిటని లోపల వణికాను.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. లెక్క ప్రకారం నేను ఊళ్ళో లేను. అమ్మ నాకు విస్తరి వేస్తూ, "బెంగుళూరికి పోయినోడికి ఈడ అన్నమెట్లా పెట్టేది నాయనా? చుట్టమని పెడతాండా, తిను" అనేది. నవ్వు తెచ్చుకుని అనేది గాని, నా కళ్ళలోకి చూసేది కాదు. రిటర్నప్ప రోజూ సోడా కొడుతూ, "ఇంగా పోలేదా అప్పా?" అని అడిగేవాడు. నేను వినబడనట్టు బస్సెక్కేవాణ్ణి.

వారం అయిపోవస్తుంటే మళ్ళీ పురోహితుడి దగ్గరికి పరుగెత్తాను. గడువు పెంచడానికి వీలుందా అని కోర్టులో అడిగినట్టే అడిగాను. ఆయన వేళ్ళు మడిచి, "వెనక్కి జరపకూడదు గాని, ముందుకు జరుపుకోవచ్చు" అన్నాడు. నాకు అంతే చాలు. పెట్టెను మండీ నుంచే తీసుకెళ్ళి చిక్కబళ్ళాపురంలో పెద్ద వకీలుగారి వరండాలో పెట్టాను. ఇంకో వారం బతికాను. ఆయన రోజూ ఆ పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరిలో ఎవరప్పా లాయరు?" అనేవారు.

ఆ వారమూ అయిపోవచ్చింది. ఉగాది నాలుగు రోజుల్లోకి వచ్చింది. దేవనహళ్ళిలో ఎవరైనా చుట్టాలున్నారా, పెట్టెను అక్కడికి జరపొచ్చా అని ఆలోచిస్తూ కోర్టు నుంచి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది.

"మీ మామ వచ్చినాడు. చింతపండు లారీ బెంగళూరికి పోతాంటే దాంట్లో ఏసుకొని పోయినాడు" అన్నారు పెద్ద వకీలు, పేపరులోంచి తల ఎత్తకుండా.

అక్కడే వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. మర్నాడు పొద్దున మామ లారీ దిగేసరికి నేను బాగేపల్లి మండీలో కాచుకుని ఉన్నాను.

"పెట్టె యాడ మామా?"

"యాడుండాలనో ఆడ ఉండాది. ఆ లాయరప్ప ఆఫీసులో ఖాళీ కుర్చీ ఉన్నింది కదా, దాని మీదే పెట్టి వచ్చినా."

"కుర్చీ మీద పెట్టినావా! ఆయన ఏమన్నారు?"

"ఆయన లేడు. గుమాస్తా ఉన్నాడు. ఎవరిదప్పా ఇది అన్నాడు. మా అల్లునిది, వాడు వెనక వస్తాండాడని చెప్పినా. ఒక బుట్ట చింతపండు కూడా ఇచ్చినా."

భయంతో బాటు కోపం కూడా వచ్చింది. కాని ఏం చేయగలను? కోటు అక్కడ, పుస్తకం అక్కడ. అప్పటికప్పుడు ఒక నిర్ణయానికి వచ్చాను: వెళ్ళి, ఆయన కాళ్ళ మీద పడి, ఇంకో ఏడాది గడువు అడిగి, పెట్టె తెచ్చుకుంటాను. అమ్మతో సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పాను. "సరే పోయిరా" అని, సాయంత్రానికి వచ్చేవాడికి అక్కర్లేనంత చిత్రాన్నం మూటకట్టి ఇచ్చింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కడానికి చోటు లేదు, ఇక రేపు వెళ్దామని నేను సంతోషంగా వెనక్కి తిరిగేలోపు రిటర్నప్ప సోడాకొట్టు దిగి వచ్చి, కిటికీలోంచి తన తువ్వాలు ఎవరో అప్పుడే దిగిన సీటు మీదికి విసిరాడు. మా వైపు బస్సుల్లో తువ్వాలు పడిన సీటు జోలికి ఎవరూ పోరు.

"పో అప్పా, ఆడ కూసో" అన్నాడు. నేను కదలకపోతే భుజం పట్టుకుని మెట్టెక్కించాడు. "నేను పోయినప్పుడు పెట్టె నా నెత్తి మీదే ఉన్నింది. తిరుక్కోని వచ్చేది సులువైపోయింది. నీ పెట్టె ముందే పోయిండాది. నీకేం భయం?"

భయమే. చిక్కబళ్ళాపురంలో బస్సు ఆగినప్పుడు దిగిపోదామని లేచాను. వెంటనే ఒకాయన నా చోటు మీద కన్నేశాడు. రిటర్నప్ప తువ్వాలు ఇంకా అక్కడే ఉంది కాబట్టి దాని కోసమైనా మళ్ళీ కూర్చోవలసి వచ్చింది.

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. దారంతా బట్టీపట్టిన ఇంగ్లీషు వాక్యం మాయమైంది. కుర్చీ మీద నా పెట్టె, దాని మీద అమ్మ పెట్టిన పసుపు కుంకుమలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"పెట్టె నిన్ననే వచ్చింది. నువ్వెక్కడ ఆగిపోయావు?"

నేను గడువు అడగబోయాను. ఆయన ఆగలేదు.

"ఈ పొద్దున ఒక కుర్రాడు వచ్చాడయ్యా. మంచి మార్కులు, మంచి సిఫారసు. కుర్చీ ఖాళీ లేదని పంపించేశాను." పెట్టెవైపు గడ్డం ఊపారు. "ప్రస్థానం పెట్టిన కుర్చీని ఇంకొకరికి ఎట్లా ఇస్తాను? నేనూ పల్లెటూరివాణ్ణే. నా పెట్టె కూడా ఇట్లాగే ముందు వచ్చింది. ధైర్యం ఉన్నవాడైతే పెట్టెతో బాటే వస్తాడు. ఊఁ, దాన్ని కింద పెట్టి కూర్చో. చాలా పని ఉంది."

గడువు అడగడానికి వెళ్ళినవాణ్ణి పెట్టె దించి కూర్చున్నాను. అమ్మ చిత్రాన్నం ఎందుకంత కట్టిందో ఆ సాయంత్రం అర్థమైంది. లారీలో పెట్టె వేయమని మామకు చెప్పింది అమ్మేనని మాత్రం చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఎందుకు చెప్పావంటే, "నువ్వు లెక్క తేల్చేలోపల ఉగాదులు శానా పోతాయని" అంది. రిటర్నప్ప తువ్వాలు తర్వాతి సారి ఊరికి వెళ్ళినప్పుడు ఉతికి ఇచ్చాను. "ఉండనీలే అప్పా" అని భుజాన వేసుకున్నాడు.

ఇప్పుడు నా ఆఫీసున్న పాత భవనం పడగొడతారట. ఊరి అవతలి వైపు కొత్త చోటు చూసి పెట్టాం. ఎప్పుడు మారాలో నేను కొన్ని నెలలుగా లెక్క వేస్తున్నాను. అద్దె, దూరం, క్లయింట్లు, వానాకాలం, ఎన్నిసార్లు వేసినా ఇంకో ఏడాది ఆగడమే మేలని వస్తోంది. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడిచి గదిలోకి వెళ్ళి చూస్తే, మంచం కింద ఇన్నేళ్ళుగా ఉన్న ఆ రేకు పెట్టె కనిపించలేదు. మా ఆవిడను అడిగాను.

"కొత్త ఆఫీసులో మీ కుర్చీ మీద పెట్టించినా. మీరు కోర్టుకు ఏసుకొనే కోటు దాంట్లోనే ఉండాది" అంది, వంటింట్లోంచి.

రేపు కోర్టు ఉంది. పొద్దున్నే అటువైపు వెళ్ళాలి.