నాచులోంచి తీసిన ఎరుపు

అందరూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఫిల్మ్ నగర్‌లో నాచు నూరుతుండేదాన్ని. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీకి దొరికిన ఉద్యోగం అది. ఒక నిర్మాత తన ఆఫీసు వెనక గదిని ల్యాబ్ చేశారు. సినిమాలు ఆడకపోయినా ఇదైనా ఆడుతుందని ఆయన ఆశ.

ఆ నాచు కంటికి ఆనదు. ఎండకీ ఆకలికీ తట్టుకోలేక ఎర్రబడి, చుట్టూ గట్టి గోడ కట్టుకుంటుంది. లోపలి ఎరుపుకి మందుల కంపెనీల్లో మంచి గిరాకీ. గోడ మాత్రం పగిలి చావదు. గడ్డకట్టించి కరిగించాను, యాసిడ్‌లో నానబెట్టాను. ఊరికే రుబ్బితే వేడికి రంగు చెడిపోయేది. చివరికి సన్న గాజుపూసలు వేసి, గిన్నె చుట్టూ ఐసు పెట్టి, కాసేపు తిప్పుతూ కాసేపు ఆపుతూ రుబ్బితే పగిలింది. వంటనూనె పోస్తే రంగు అందులోకి దిగింది. అచ్చం ఆవకాయ మీద తేలే నూనె. దాన్ని సీసాలో పోసి, ముందు కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

మర్నాడే డబ్బు పెట్టేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు కాదంటే ల్యాబ్ మూత, నేను అమీర్‌పేట.

నిర్మాతగారు సీసాని వెలుతురుకి పట్టి చూశారు. "ఎరుపంటే ఇలా ఉంటుందేంటమ్మా? దూరం నుంచి తెలియనే తెలియదు" అన్నారు. మేకప్ ఆయన్ని పిలిపించారు. ఆయన ఫైట్లలో వాడే రక్తంతో ఇంకో సీసా నింపాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, క్లోజప్‌ల గూడ ఎవ్వలు గుర్తువట్టరు" అన్నాడు.

నా సీసా ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ ఆ రక్తం సీసా ఎత్తి చూసి, "ఇది మీరే తీశారా?" అని నన్నడిగారు. ఫ్రిజ్ నాకు రెండడుగుల దూరంలో ఉంది. నిర్మాతగారు నన్నే చూస్తున్నారు.

"అవునండీ" అన్నాను.

ఆవిడ నన్ను మెచ్చుకుని, పరీక్ష చేయిస్తానని సీసా పట్టుకెళ్ళారు. చూస్తున్నంతసేపూ నమ్మితే చాలన్నది సినిమావాళ్ళ లెక్క. పరీక్ష సంగతి వాళ్ళకి తట్టలేదంటే అర్థముంది. ఎమ్మెస్సీ చదివిన నాకూ తట్టలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది: చక్కెర పాకం, తినే రంగు. అప్పుడు నిర్మాతగారు ఆవిడకి నా సీసా పంపమన్నారు. సీలు వేసి పంపాను. సీలు తీయకుండానే తిరిగొచ్చింది, ఒక చీటీతో.

"ఈసారి ఏం పోశారు?"

చీటీ నిర్మాతగారికి కాదు, నా పేరు మీద ఉంది.